లైఫ్ రాఫ్ట్ కొనాలా వద్దా అంటే, ముందు నీ బోటు ఎలా పోతుందో ఆలోచించు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. విశాఖ ఫిషింగ్ హార్బర్లో సోనా రకం పాత మరబోటు కొన్నావు. డ్రైవర్‌తో కలిపి ఎనిమిది మంది. ఈ సీజన్ నుంచి ట్యూనా కోసం 80, 100 మైళ్ల దాకా పోదామని, ట్రిప్పుకి పది పన్నెండు రోజులు ఉందామని అనుకుంటున్నావు. లైఫ్ రాఫ్ట్, అంటే బోటు పోతే ఉబ్బించి ఎక్కే తెప్ప, పెట్టుకోమని మీ బావమరిది అంటున్నాడు. మీ డ్రైవరేమో "ఇన్నేళ్లలో దాన్ని వాడినోడు ఎవడు? ఆ డబ్బుకి కొత్త వల వస్తుంది" అంటున్నాడు. ఎవరి మాట వినాలని అడిగావు.

నేను ఇరవై రెండేళ్లు మరబోట్ల మీద తిరిగాను, అందులో పద్నాలుగేళ్లు డ్రైవర్‌గా. ఆ తర్వాత కాకినాడ అవతల చమురు రిగ్గులకి సామాను మోసే సప్లై ఓడలో ఆరేళ్లు చేశాను. రాఫ్ట్ అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రెండో ఉద్యోగంలోనే. బోట్ల మీద ఉన్నన్నాళ్లూ నేనూ మీ డ్రైవర్ లాగానే మాట్లాడేవాణ్ణి.

జవాబు ముందే చెప్పేస్తాను. నువ్వు చెప్పిన దూరానికి, అన్ని రోజులకి రాఫ్ట్ ఉండాలి. అయితే మీ డ్రైవర్ మాట ఉత్తిదని కూడా అనను. కొనేసి, క్యాబిన్ పైన కట్టేసి మర్చిపోయే రాఫ్ట్ కంటే కొనని రాఫ్టే నయం. లేని దాన్ని నమ్ముకుని ఎవడూ ఉండడు కదా.

మన తాతలకి ఈ తలనొప్పే లేదు. తెప్ప మునగదు. కెరటం తిరగేస్తే మళ్లీ తిప్పుకుని ఎక్కి కూర్చునేవాళ్లు, దుంగలు దుంగల్లాగే ఉండేవి. బోటుకి ఇంజను, ఐసు గది, డీజిల్ ట్యాంకు వచ్చాకే మునగడమనేది వచ్చింది. మునిగే బోటులో మునగని తెప్పని మడిచి పెట్టుకోవడమే లైఫ్ రాఫ్టంటే.

"సముద్రం ప్రమాదం, కాబట్టి రాఫ్ట్" అని ఆలోచించకు. నీ బోటు ఏయే రకాలుగా పోవచ్చు, ఒక్కోసారి మీ చేతిలో ఎన్ని నిమిషాలు ఉంటాయి అని లెక్క వేసుకో.

మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట కెరటాలు విరిగే దగ్గర బోటు తిరగబడితే రాఫ్ట్‌తో పని లేదు. ఉన్నది క్షణాలే. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉందా లేదా, అంతే. వల అడుగున దేనికో తగులుకుని, వించి లాగుతుంటే బోటు పక్కకి ఒరిగి తిరగబడటమూ అలాంటిదే. ఎవడికీ క్యాబిన్ పైకెక్కి తాడు విప్పే టైముండదు. అక్కడ రాఫ్ట్ పనికొస్తే తనంతట తానే విడివడి పైకి తేలాలి. రాత్రి పూట ఓడ గుద్దినా అంతే. పారాదీప్ నుంచి, విశాఖ నుంచి, కాకినాడ నుంచి వచ్చే ఓడల దారులు నువ్వు వెళ్లే చోటనే ఉన్నాయి.

ఫ్యాను తిప్పే ఇరుసు బోటులోంచి బయటికి వచ్చే చోట, షాఫ్ట్ గ్లాండ్ దగ్గర నీరు చిమ్మి ఇంజను గది నిండిపోవడం వేరే కథ. అక్కడ గంటలుంటాయి. పంపు కొట్టొచ్చు, గుడ్డలు కుక్కొచ్చు, పక్క బోటుని పిలవొచ్చు. రాఫ్ట్ చివరి మాట.

ఇక నిప్పు. 2023 నవంబరులో మన హార్బర్లో జరిగింది గుర్తుంది కదా. జెట్టీ పక్కనుండగానే, ఊళ్లోంచి ఫైరింజన్లు వచ్చినా, పదుల బోట్లు బూడిదయ్యాయి. చెక్క మీద ఫైబర్, పక్కనే డీజిల్, వంటకి గ్యాస్ సిలిండర్. 90 మైళ్ల అవతల అది మొదలైతే నీ దగ్గర ఐదు నిమిషాలుంటాయి, పది ఉంటే అదృష్టం. బోటు మునగదు, కానీ దాని మీద నిలబడలేవు. రాఫ్ట్‌కి సాటి లేని చోటు ఇదే. నన్నడిగితే మన బోట్లకి రాఫ్ట్ కావాల్సింది తుఫాను కోసం కాదు, వంటింటి కోసం.

తుఫాను మాటెత్తాను కాబట్టి ఒకటి. తుఫానులో రాఫ్ట్ దిక్కవుతుందని ధైర్యం చెప్పుకుని వెళ్లకు. 2017 నవంబరు చివర ఓఖీ వచ్చినప్పుడు కన్యాకుమారి, కేరళ వాళ్లు ఎంతమంది అప్పటికే లోతులో ఉన్నారో నీకు తెలుసు. అక్కడ కావాల్సింది ముందే అందే కబురు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం రోజూ అలల ఎత్తు, గాలి హెచ్చరికలు ఇస్తుంది. అది చూడకుండా బయల్దేరేవాడికి నేను రాఫ్ట్ గురించి చెప్పడం దండగ.

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో రాఫ్ట్ గురించి దొరికేదంతా చలి సముద్రాల వాళ్లు రాసింది. వాళ్ల నీళ్లలో పడ్డవాడు గంటా రెండు గంటల్లో చలికి బిగుసుకుపోతాడు, అందుకే నీళ్లలోంచి బయటపడటమే వాళ్లకి మొదటి సంగతి. మన బంగాళాఖాతం పై నీరు ఏడాదిలో ఎక్కువ భాగం 27 నుంచి 30 డిగ్రీలుంటుంది. జాకెట్ వేసుకున్నవాడు ఒక పగలూ ఒక రాత్రీ తేలగలడు, థర్మోకోల్ ముక్కనో ఖాళీ డబ్బానో పట్టుకుని అంతకంటే ఎక్కువసేపు తేలి బతికినవాళ్లున్నారు. మనవాళ్లని చంపేది అలసట, నిద్ర, దాహం, ఎండ, ఒకరికొకరు దూరమైపోవడం. 28 డిగ్రీల నీళ్లు కూడా రాత్రంతా ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటాయి, తెల్లారేసరికి వేళ్లు పట్టు తప్పుతాయి. రాఫ్ట్ మనకి చేసే మేలు ఎనిమిది మందినీ ఒకచోట ఉంచడం, పైన నీడ, ఆకాశం నుంచి కనబడే నారింజ రంగు.

అందుకే మన దగ్గర కొనే వరుస కూడా మారుతుంది. డబ్బు ఒకేసారి లేకపోతే ముందు జాకెట్లు. తలకింద దిండుగా పెట్టుకునే లావు జాకెట్లు కాదు, వల లాగేటప్పుడు కూడా ఒంటి మీద ఉండగలిగే పల్చటివి. రెండోది కబురు పంపే పెట్టె. మూడోది రాఫ్ట్.

ఆ రెండోది ఎందుకు ముందో లెక్క చెబుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట నీరు దక్షిణానికి లాగుతుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి. గంటకి ఒక్క మైలే అనుకున్నా, ఒక పగలూ రాత్రీ గడిచేసరికి 24 మైళ్లు. దాని మీద గాలి తోపుడు. నవంబరులో విశాఖకి ఎదురుగా మునిగినవాళ్లని రెండో రోజు వెతకాల్సింది కాకినాడ వైపు. చోటు చెప్పే పెట్టె లేని రాఫ్టంటే, ఎనిమిది మంది ఒకేచోట తప్పిపోవడం.

బోటుకి బిగించిన ట్రాన్స్‌పాండర్ ఉందిగా అంటావేమో. 2024 ఆగస్టు నుంచి ప్రభుత్వం బిగిస్తున్న, బోటు ఆచూకీ చెప్పే ఆ పరికరం మంచిదే, బోటు నడుస్తున్నంతకాలం రెండు వైపులా మెసేజీలు పోతాయి. కానీ బోటుకి బిగించింది బోటుతోనే పోతుంది, కాలితే బోటుతోనే కాలుతుంది. చేత్తో పట్టుకుని దూకగలిగేది ఒకటుండాలి. ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే ఇస్రో వాళ్ల డాట్ ఉంటే అది. 2024 జనవరిలో వచ్చిన కొత్త రకమైతే నీ కబురు అందిందని తిరుగు జవాబు కూడా ఇస్తుంది. నీటిలో ఉన్నవాడికి ఆ జవాబు నాలుగు ముద్దల అన్నమంత బలం. చేతిలో డబ్బుంటే 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ (ఉపగ్రహానికి ఆపద సిగ్నల్ పంపే పెట్టె) కూడా తీసుకో, కనీసం 48 గంటలు సిగ్నల్ ఇస్తుంది. కొన్నాక బోటు పేరు, ఇంటి ఫోన్ నంబరు రిజిస్టర్ చేయించడం మర్చిపోకు. ఇంట్లోవాళ్లకి కోస్ట్ గార్డ్ నంబరు 1554 గోడ మీద రాసిపెట్టు.

"మేం ఆరు బోట్లం కలిసే వెళ్తాం అన్నా" అని చివర్లో రాశావు. మంచిదే, నిజానికి మనవాళ్లని ఎక్కువసార్లు కాపాడింది పక్క బోటే. కానీ ఎంత పక్కన? క్యాబిన్ ఎత్తున యాంటెనా ఉన్న రెండు చిన్న బోట్ల మధ్య వీహెచ్‌ఎఫ్ రేడియో ఓ పది మైళ్లు పలుకుతుందనుకో, చేతి సెట్ అయితే ఇంకా తక్కువ. పది మైళ్ల అవతల ఉన్నవాడు ఏడు, ఎనిమిది మైళ్ల వేగంతో వస్తే గంటన్నర. వల నీళ్లలో ఉంటే ముందు అది ఎత్తాలి, లేదా కోసేయాలి. అంటే రెండు గంటలు. ఆ రెండు గంటలు జాకెట్లతో తేలితే చాలు, రాఫ్ట్ లేకపోయినా బతుకుతారు. చేపల కోసం తలో దిక్కూ చెదిరిపోయి, రాత్రి ఒక్కో బోటులో ఒక్కడే మేలుకుని, రేడియో శబ్దం తగ్గించేసి ఉంటే ఆరు బోట్లైనా అరవై బోట్లైనా ఒకటే. మీ గుంపు ఎలాంటిదో నీకే తెలియాలి.

ఇప్పుడు రాఫ్ట్‌ని ఎక్కడ, ఎలా పెట్టాలన్నది. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

నేను చేసిన ఒక బోటు మీద రాఫ్ట్ ఉండేది. ఓనరు మంచివాడే, అడక్కుండానే కొన్నాడు. క్యాబిన్ పైన స్టాండు చేయించి పెట్టాడు. జెట్టీలో దొంగలు ఎత్తుకుపోతారని భయపడి దాని చుట్టూ నైలాన్ తాడు నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు, ఆ మీద టార్పాలిన్ కప్పాడు. పక్కన హైడ్రోస్టాటిక్ రిలీజ్ అనే చిన్న తెల్ల డబ్బా బిగించే ఉంది. బోటు మునిగి ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతుకి పోయేసరికి నీటి ఒత్తిడికి అందులోని కత్తి కట్టుతాడుని కోసేస్తుంది, రాఫ్ట్ ఉన్న పెట్టె పైకి తేలుతుంది. కానీ అది కోసేది తన తాడునే, మన ఓనరు చుట్టిన నాలుగు చుట్లని కాదు. మూడేళ్లు అలాగే తిరిగాం. ఆ డబ్బా మీద గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది, మామూలుగా దొరికే రకం రెండేళ్లకి పారేసి కొత్తది పెట్టాలి. దేవుడి దయ వల్ల ఆ బోటుకి ఏమీ కాలేదు. సప్లై ఓడలో చేరాక ఒక రాత్రి వాచ్‌లో ఉండగా ఆ నాలుగు చుట్లు గుర్తొచ్చి చెమటలు పట్టాయి.

కాబట్టి పైన ఏమీ ఉండకూడదు. వల ఎండేసే కర్ర, బరువులెత్తే డెరిక్, టార్పాలిన్, ఏదీ. మన సైజు బోట్లకి ఇంకో చిక్కుంది. చెక్క బోటు తిరగబడితే వెంటనే మునగదు, బోర్లా తేలుతుంది. క్యాబిన్ పైకప్పు అప్పుడు నీటికింద రెండు మూడు మీటర్లలో తలకిందులుగా ఉంటుంది. ఆ తెల్ల డబ్బా తాడు తెగితే తెగొచ్చు, తెగకపోవచ్చు. తెగినా రాఫ్ట్ బోటు కింద ఇరుక్కోవచ్చు. అందుకని నడినెత్తిన కాకుండా, క్యాబిన్ పక్క అంచునో వెనకవైపు రెయిలింగ్ దగ్గరో, వల జారే దారికి అడ్డం రాకుండా పెట్టమంటాను. మెత్తటి సంచిలో వచ్చే రకం కొని క్యాబిన్‌లో బియ్యం బస్తాల కింద మాత్రం పెట్టకు.

బరువని మీ డ్రైవర్ గొణుగుతాడు. ఎనిమిది మంది రాఫ్ట్ సామానుతో కలిపి వంద కిలోలకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. క్యాబిన్ మీద 500 లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టుకున్నవాడు వంద కిలోల గురించి మాట్లాడకూడదు. ట్యాంకు కిందకి దింపు, బోటు ఒరగడం కూడా తగ్గుతుంది.

విసిరే పద్ధతి. పెట్టెలోంచి వచ్చే తాడుని పెయింటర్ అంటారు. అది ముందే బోటుకి గట్టిగా కట్టి ఉండాలి. కట్టకుండా విసిరితే పెట్టె అలా కొట్టుకుపోతుంది, మనం చూస్తూ నిలబడతాం. ఒక బోటువాళ్లు కట్టే విసిరారు, కానీ పెట్టె పెట్టెలాగే తేలుతోందని, చెడిపోయిందని వదిలేయబోయారు. సంగతేంటంటే ఆ తాడు చాలా పొడుగు. మొత్తం లాగి, బిగుసుకున్నాక ఇంకొక్కసారి గట్టిగా గుంజితేనే గ్యాస్ సీసా తెరుచుకుంటుంది. వాళ్లు ఐదారు బారలు లాగి ఆపేశారు. వాళ్లలో ఒక కుర్రాడు తిక్కగా ఇంకా లాగుతూ పోయాడు కాబట్టి విచ్చుకుంది. నిమిషం లోపే గుడారంలా లేస్తుంది.

ఒక్కోసారి బోర్లా విచ్చుకుంటుంది. సప్లై ఓడలో చేరేముందు మాకు ఈతకొలనులో శిక్షణ ఇచ్చారు. బోర్లా పడ్డ రాఫ్ట్ మీదకి, గ్యాస్ సీసా ఉన్న పక్కకి ఎక్కి నిలబడి, గాలికి ఎదురుగా మొహం పెట్టి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని వెనక్కి వాలాలి. అది లేచి మన మీదే పడుతుంది. మొదటిసారి నేను కింద ఇరుక్కుని నీళ్లు మింగాను. కదలని నీళ్లలో, పట్టపగలు, పక్కన మాస్టారు నవ్వుతుండగా జరిగింది అది. రాత్రి కెరటాల్లో మొదటిసారి చేసేవాడి సంగతి నువ్వే ఊహించుకో.

తొందరపడి దిగిపోవడం కూడా చావే. 1979లో ఐర్లాండ్ దగ్గర ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో తుఫాను వస్తే 15 మంది పోటీదారులు పోయారు. మనుషులు వదిలేసిన పడవలు 24, వాటిలో మునిగినవి ఐదే. మిగతావి తర్వాత తేలుతూనే దొరికాయి. బోటు నీటి మీద ఉన్నంతసేపు, అది కాలనంతసేపు, బోటే మంచి రాఫ్ట్. రాఫ్ట్‌ని విప్పి పక్కన కట్టి ఉంచుకో, దిగడానికి మాత్రం ఆఖరిదాకా ఆగు.

కొనేటప్పుడు సోలాస్ (ఓడల భద్రతకి అన్ని దేశాలూ పాటించే నిబంధనలు) ముద్ర ఉన్నదే చూడు. ఆ సైజులు ఆరుగురి నుంచి మొదలవుతాయి. లోపలి సామానుకి రెండు రకాలు. 'ఏ' (A) ప్యాక్‌లో మనిషికి లీటరున్నర నీళ్లు, తిండి, సాయం కోసం ఆకాశంలోకి వదిలే నాలుగు రాకెట్లు, చేత్తో పట్టుకుని చూపే ఆరు మంటలు, రెండు పొగ డబ్బాలు ఉంటాయి. బీ ప్యాక్‌లో నీళ్లూ తిండీ ఉండవు, మంటలు సగం. 100 మైళ్లకి పోయేవాడికి 'ఏ' (A) ప్యాకే. పెద్దదైతే సుఖంగా ఉంటుందని పదహారు మంది రాఫ్ట్ కొనకు, అందులో కూర్చునేవాళ్ల బరువు కూడా దాన్ని నీటికి అదిమి పట్టి ఉంచాలి. ఎనిమిది మందికి ఎనిమిది, మహా అయితే పది.

అలంగ్‌లో ఓడలు విరగ్గొట్టినప్పుడు వచ్చే పాత రాఫ్టులు చవగ్గా దొరుకుతాయని ఎవరో ఒకరు నీ దగ్గరికి వస్తారు. తెల్లటి పెట్టె కొత్తదానిలా మెరుస్తుంది. లోపల ఏముందో సర్వీస్ స్టేషన్‌లో విప్పితేనే తెలుస్తుంది. నా కళ్ల ముందు అలాంటిదొకటి విప్పారు. రబ్బరు మడత పడిన చోటల్లా అప్పడంలా విరిగింది, మంటల గడువు ఎప్పుడో అయిపోయింది. సర్వీసు చేసి సర్టిఫికెట్ ఇస్తామన్న తర్వాతే డబ్బిస్తానని చెప్పు, వాళ్లే మాయమైపోతారు.

సర్వీసు ఏడాదికోసారి. మనకి దేవుడిచ్చిన సెలవుంది కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. బోటు ఒడ్డెక్కించి రంగులేసే రోజుల్లోనే రాఫ్ట్ పంపించు. ఆ ఖర్చు భరించలేను, ఏటా పంపించలేను అని నీకే అనిపిస్తే నిజాయితీగా రాఫ్ట్ మానేసి, పక్కన తాళ్లు వేలాడే గట్టి తేలుడు పలక కొనుక్కో, బోయంట్ అపరేటస్ అని అడిగితే ఇస్తారు. దానికి గ్యాసు లేదు, గడువు లేదు. మొండెం నీళ్లలోనే ఉంటుంది కానీ మనుషులు చెదిరిపోరు. మూడు నాలుగు రోజులకి, 30 మైళ్ల లోపల, గుంపుగా తిరిగే బోట్లకి నేను అదే చెబుతాను. పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చే ఫైబర్ పడవలకి అదీ అక్కర్లేదు, జాకెట్లు, రేడియో, డాట్ చాలు. కానీ నువ్వు ట్యూనా వెనకాల పోతున్నావు తమ్ముడూ, 30 మైళ్లు కాదు.

రాఫ్ట్‌తో పాటు ఒక డబ్బా విడిగా పెట్టు. మూత బిగుసుకునేది, తలుపు పక్కనే. డాట్, చేతి వీహెచ్‌ఎఫ్, టార్చి, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తలగుడ్డలు, వాంతుల మాత్రలు. రాఫ్ట్ లోపలి ఊపు బోటు ఊపు కాదు, ముప్పై ఏళ్ల కళాసీ కూడా వాంతి చేసుకుంటాడు, ఒంట్లో నీరంతా అక్కడే పోతుంది. ఎక్కగానే అందరికీ మాత్ర వేయాలి. ఐదు లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, నిండా కాకుండా మెడ దాకా నింపి కట్టు, చేయి జారినా తేలతాయి.

ఆఖరుగా, సర్వీసుకి ఇచ్చిన రోజు వట్టినే రసీదు తీసుకుని రాకు. నా ముందు ఉబ్బించి చూపించండి అని అడుగు, పరీక్ష కోసం వాళ్లు ఎలాగూ ఉబ్బిస్తారు. ఎనిమిది మందినీ వెంట తీసుకెళ్లి, షెడ్డులోనే లోపలికి ఎక్కించు. మా ఊరి కుర్రాడొకడు నా మాట విని కిందటి నిషేధంలో అలాగే చేశాడు. నన్నూ రమ్మంటే వెళ్లాను. వాళ్ల బోటులో అందరికంటే పెద్దాయన చెప్పులు బయట విడిచి, లుంగీ ఎగ్గట్టుకుని, గుడిలోకి వెళ్తున్నట్టు వంగి లోపలికి దూరాడు. మిగతా ఏడుగురూ ఆయన చుట్టూ మోకాళ్లు ముడుచుకుని సర్దుకున్నారు. మనిషికి నాలుగు చదరపు అడుగుల చోటు. కాసేపు అటూ ఇటూ చూసి, "ఒరే, ఇందులో ఎవడి కాళ్లు ఎవడి మీద పెట్టాలో ఇప్పుడే చెప్పేయండి, అక్కడికెళ్లాక తగువొద్దు" అన్నాడు. అరగంట కూర్చుని అదే తేల్చుకున్నారు.